ఆరో బెడ్ అలారం

మధ్యాహ్నం 1:31. ఆరో బెడ్ మీది మాస్టారి గుండె ఆగింది. అంతకు ముందు తొమ్మిది నిమిషాలు ఆయన మానిటర్ అలారం పంపుతూనే ఉంది. నర్సుల గదిలో మాత్రం మోగలేదని డ్యూటీ నర్సు అంటోంది.

ఎవరూ నమ్మలేదు. రెండింటికి పరీక్షిస్తే చెవులు చిల్లులు పడేలా మోగింది మరి. కునుకు తీసి నెపం యంత్రం మీదికి నెట్టిందన్నారు. మాస్టారి భార్య శాపనార్థాలు పెట్టింది. నర్సుకి ఉద్యోగం పోవడమే కాదు, అరెస్టు కూడా తప్పేలా లేదు.

"కుర్చీలోంచి లేవలేదు సార్. మోగితే వినపడదా?" అంది.

ఇన్‌స్పెక్టర్‌కి కంప్యూటర్లంటే గిట్టదు. కానీ ముప్పై ఏళ్లుగా అబద్ధాలు వింటున్న చెవులు ఆయనవి. ఇది అబద్ధంలా తోచలేదు.

నెట్‌వర్క్ ఇంజనీర్‌ని కదిపాడు. కొత్త వార్డు సిగ్నల్ నర్సుల గదికి చేరాలంటే ఆ దారిని రూటర్‌లో చేత్తో టైప్ చెయ్యాలట. దాన్నే స్టాటిక్ రూట్ అంటారట. ఆ పని పొద్దున పదింటికే అయిపోయిందట.

"తర్వాత రూటర్ ఆగిందా?"

"లేదు సార్. వారంగా నడుస్తూనే ఉంది."

ఎంతసేపటి నుంచి నడుస్తోందో తెర మీద చూపించమన్నాడు. రెండు గంటల రెండు నిమిషాలు. గోడ గడియారంలో 3:09. అంటే 1:07కి ఆగి లేచింది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో కరెంటు పోయి వచ్చిందని వార్డు వాళ్లు చెప్పారు.

మూడున్నరకి అందరినీ నర్సుల గదిలో కూర్చోబెట్టాడు. రూటర్ ఆపి మళ్లీ వెయ్యమన్నాడు.

"వద్దు సార్," అన్నాడు ఇంజనీర్.

కానిస్టేబుల్ ఆపి వేశాడు. ఐదు నిమిషాలు ఆగి ఆరో బెడ్ అలారం నొక్కారు.

మోగలేదు.

ఇంజనీర్ తల వంచుకున్నాడు. "కొత్త రూట్ వెంటనే సేవ్ చెయ్యం సార్. తేడా చేస్తే రూటర్ ఆపి వేస్తే చాలు, పాతది వచ్చేస్తుంది. సాయంత్రం దాకా చూద్దామనుకున్నా. కరెంటు పోయి చెరిగిపోయింది. మాస్టారు పోయాక మళ్లీ టైప్ చేశా."

"అప్పుడైనా సేవ్ చెయ్యలేదేం?"

"చేస్తే ఆ టైం రికార్డవుతుంది సార్."

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. "వార్డులో ఇంకా ఐదుగురున్నారు కదయ్యా."

ఆ మాట వినగానే నర్సు లేచి వార్డుకి పరుగెత్తింది. అక్కడ ముందే డాక్టర్‌ని కూర్చోబెట్టిన సంగతి ఆమెకు తెలియదు.

"ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టాను," అంటూ మాస్టారి భార్య భోరుమంది.