ఇరవై ఏడో బిళ్ళ

సాయంత్రం ఏడున్నర దాటితే ఆ రక్తపరీక్షల లేబుకి ఎవరూ వెళ్ళరు. షుగరు ఎంతుందో తెలుసుకోవాలని తెగ ఆత్రపడేవాళ్ళు కూడా, పొద్దున చూద్దాంలే అని ముసుగు తన్ని పడుకుంటారు. సూదంటే భయం లేనివాళ్ళకి కూడా అక్కడి వరండాలో గోడకున్న పాత చెక్కబోర్డంటే భయం.

ఆ బిల్డింగు ఒకప్పుడు క్లబ్బు. పెద్ద ఉద్యోగాలవాళ్ళు సాయంత్రాలు పేకాటకీ, బిలియర్డ్స్‌కీ వచ్చేవాళ్ళు. వాళ్ళ తరం అయిపోయాక అది టైపు ఇన్‌స్టిట్యూట్ అయింది, ఫంక్షన్ హాలు అయింది, కొన్నాళ్ళు పరుపుల షాపు కూడా అయింది. ఇప్పుడు పేకాట గదిలో లేబు వాళ్ళ ఫ్రిజ్ గుర్రుమంటూ ఉంటుంది. మందు సీసాలుండే అలమరలో గాజు గొట్టాలున్నాయి. ఎవరు కొనుక్కున్నా, ఎవరు అద్దెకి తీసుకున్నా అక్కడ రెండింటిని మాత్రం కదపలేదు. ఒకటి గోడలోకి దిగ్గొట్టిన ఆ బోర్డు. రెండోది తాత.

తాత ఆ క్లబ్బులో బేరర్‌గా చేరాడు. తర్వాత టైపు మిషన్లు తుడిచాడు, ఫంక్షన్ హాలు కుర్చీలు మోశాడు, పరుపులు దులిపాడు. ఇప్పుడు రాత్రి వాచ్‌మన్. తాళం చెవులతో పాటు తనూ చేతులు మారుతూ వచ్చానని తనే నవ్వుతూ చెప్పుకుంటాడు.

బోర్డు సంగతి చెప్పాలి. దాని మీద వరసగా ఇత్తడి బిళ్ళలు. ఒక్కో మెంబరుకీ ఒక్కో నంబరు. బిళ్ళ గాడిలో అటూ ఇటూ జరుగుతుంది. మెంబరు లోపలికి రాగానే బేరర్ ఆ బిళ్ళని పచ్చరంగు వైపు జరపాలి. వెళ్ళిపోతే ఎర్రరంగు వైపు. డ్రైవరైనా, ఇంటి నుంచి వచ్చిన మనిషైనా గుమ్మంలోంచి తొంగి చూసి, పచ్చయితే ఆగేవాళ్ళు, ఎరుపైతే వెళ్ళిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం గుమ్మం దాటడానికి వీల్లేదు.

ఇప్పుడు బిళ్ళలన్నీ ఎరుపు మీదే చిలుం పట్టి బిగుసుకుపోయాయి. ఒక్కటి తప్ప. ఇరవై ఏడు.

అది పగలంతా ఎరుపు మీదే ఉంటుంది. సాయంత్రం పావు తక్కువ ఎనిమిదికి... పచ్చలోకి వచ్చేస్తుంది.

మొదట చూసింది, తిన్న రెండు గంటలకి రక్తం ఇవ్వడానికొచ్చిన ఒక కిరాణాకొట్టాయన. లోపలికెళ్ళేటప్పుడు ఎరుపు, బయటికొచ్చేటప్పుడు పచ్చ — మధ్యలో వరండాలో పిట్ట కూడా లేదు. ఆయన షుగరు ఎంతకి ఎక్కిందో గానీ, తెల్లారేసరికి ఊరంతా ఆ కబురే. కారణం కూడా ఊరే చెప్పుకుంది. ఆ నంబరు మెంబరు భార్య బిడ్డని పోగొట్టుకుని, ఆ దిగులుతోనే పోయిందట. ఇప్పటికీ మొగుణ్ణి వెతుక్కుంటూ ఆ వేళకి వస్తుందట.

తాత అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఎందుకంటే... ఆ బిళ్ళని జరిపేది తాతే.

నలభై ఏళ్ళ కిందటి మాట. వాన సాయంత్రం. ఇరవై ఏడో నంబరాయన మంచి ఆటలో ఉన్నాడు. "ఇంటి నుంచి ఎవరొచ్చినా వెళ్ళిపోయానని చెప్పు" అన్నాడు. ఆ క్లబ్బులో అది మామూలే. బేరర్‌గా ఉన్న తాత బిళ్ళని ఎరుపులోకి తోశాడు. పావు తక్కువ ఎనిమిదికి ఆయన భార్య వచ్చింది, తడిసి ముద్దయి. గుమ్మం బయటే నిలబడి, మెల్లిగా అడిగింది.

"ఆయన ఉన్నారా బాబూ? పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది."

"ఇప్పుడే వెళ్ళారమ్మా."

ఆవిడ బోర్డు వంక చూసింది. వెనక్కి తిరిగి వానలోకి వెళ్ళిపోయింది. మొగుడు పది అడుగుల దూరంలో ముక్కలు కలుపుతున్నాడు. కారు వెనక షెడ్డులో ఉంది. తెల్లారేసరికి ఐదేళ్ళ పిల్లాడు లేడు. నెల తిరక్కుండా వాళ్ళు ఊరు వదిలేసి వెళ్ళిపోయారు.

ఈ సంగతి తాత కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి లోకంలో ఒక్కతే. అందుకే రోజూ ఆ వేళకి బిళ్ళని పచ్చలోకి జరిపి, పొద్దున్న ఇంటికెళ్తూ ఎరుపులోకి తోసేవాడు. ఆ పూటైనా బోర్డు నిజం చెప్పాలని. ఎప్పటికైనా ఆవిడ మనిషిగానో, దెయ్యంగానో వస్తే, అయ్యగారు లోపలే ఉన్నారమ్మా, నేనే అబద్ధమాడాను అని కాళ్ళ మీద పడాలని.

మొన్న వానాకాలంలో ఒకరోజు లేబు వాళ్ళు పెందరాళే వెళ్ళిపోయారు. వాన దంచుతోంది. కరెంటు పోయింది. తాత తడుముకుంటూ వెళ్ళి బిళ్ళ మీద వేలు పెట్టాడు. కిర్రుమని జరిగింది.

గుమ్మం దగ్గర... నీళ్ళు కారుతున్న చప్పుడు.

బయటి వాన చప్పుడు వేరు. ఇది గడప దగ్గరి గచ్చు మీద... బొట్టు... బొట్టుగా...

"ఆయన... ఉన్నారా బాబూ?"

అదే గొంతు. కాస్త అరిగింది, అంతే. నలభై ఏళ్ళుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఉన్నారమ్మా," అన్నాడు ఎలాగో. "లోపలే ఉన్నారు."

గుమ్మం దగ్గర చిన్న టార్చిలైటు వెలిగింది. ముడిచిన గొడుగు, దాని కొస నుంచి కారుతున్న నీళ్ళు, నెరిసిన జుట్టు, దళసరి కళ్ళద్దాలు. ఒక ముసలావిడ. బతికున్న మనిషే.

"తెలుసు," అందావిడ. "ఆ రోజూ తెలుసు. నువ్వు వెళ్ళారమ్మా అంటుంటే లోపల ఆయన దగ్గు వినపడింది."

"మరి... లోపలికి..."

"ఆడవాళ్ళు దాటకూడదన్నారుగా. దాటలేదు." టార్చి వెలుగు గడప మీదికి తిప్పింది. "నీ మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఈ కాళ్ళ మీదే."

తాత భోరుమన్నాడు. ఆవిడ అతన్ని ఏడవనిచ్చింది. ఆ తర్వాత గడప దాటి, కొత్తింట్లోకి వచ్చినట్టు ఆగి ఆగి అడుగులేస్తూ బోర్డు దగ్గరికొచ్చింది.

"ఈ ఊళ్ళో మా చుట్టాలావిడ ఉంది. ఇరవై ఏడు దానంతటదే జరుగుతోందని ఫోన్లో చెప్పింది. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. బస్సెక్కి వచ్చేశాను."

"అమ్మా, అది..."

"మా వాడికి ఇదంటే ఎంత ఇష్టమో. ఆదివారాలు వాళ్ళ నాన్న తీసుకొస్తే, ఎత్తుకోమని పేచీ పెట్టి వాడే జరిపేవాడు. నిన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. గుర్తుందా?"

తాతకి గుర్తుంది. బిస్కట్టు పొడి అంటుకున్న బుల్లి వేళ్ళు.

"ఆయన్ని నేను క్షమించలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం, అంతే. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు." ఆవిడ గొంతు తగ్గించింది. "నాకు ఒకసారి అబద్ధం చెప్పావు. ఇప్పుడు నిజం చెప్పు. దీన్ని ఎవరు జరుపుతున్నారు?"

నేనేనమ్మా... ఒక్క మాట. నాలుక చివరే ఉంది. తాత తలెత్తి ఆవిడ మొహం చూశాడు. ఆ మొహంలో ఉన్న ఆశ చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "నేను అటు తిరిగేసరికి జరిగిపోతుంది. ఒక్కోసారి... చిన్నగా నవ్వు వినపడుతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

తాత బిళ్ళ జరిపీ జరిపీ నల్లబడ్డ వేలిని వెనక దాచుకున్నాడు.

"ఆరేళ్ళ నుంచేనమ్మా."

ఆవిడ ఇరవై ఏడో బిళ్ళ మీద అరచెయ్యి ఆనించింది.

"అంత ఎత్తు వాడికి అందదు," అంది. "అయితే... వాళ్ళ నాన్నే ఎత్తుకుంటున్నాడు."

అని, ఆరేళ్ళ కిందట రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది.