తొమ్మిది రోజుల రాహుకాలం

ఆద్య వదినకు చలి వేయదు, ఆకలి వేయదు, ప్రయాణంలో నడుము నొప్పి పుట్టదు. అవన్నీ పక్కవాళ్ళకు వస్తాయని ముందే ప్రకటించి, రాగానే "నేను చెప్పానా!" అనడం మాత్రమే ఆవిడ పని. డెబ్బై ఏళ్ళలో ఆవిడ వల్ల పొరపాటు జరిగిన దాఖలా కూడా లేదు. జరిగిన చోటు నుంచి ఆవిడ అప్పటికే లేచి వెళ్ళిపోయి ఉంటుంది. ఇలాంటి మనిషిని ఆడపడుచుగా పెట్టుకుని ముప్పై ఏళ్ళు కాపురం చేసినందుకు నైనికకు ప్రభుత్వం ఏదైనా బిరుదు ఇవ్వాల్సిందే గాని, అర్జీ ఏ శాఖకు పెట్టుకోవాలో ఆమెకు ఇంకా తెలియలేదు.

ప్రస్తుతం ఆ బిరుదుకు అర్హురాలు ఉత్తర నార్వేలో, సముద్రపు పాయ పక్కన ఆగిపోయిన ఇంటిబండిలో, చిన్న పొయ్యి ముందు నిలబడి ఉప్మా కలుపుతోంది. ఉప్మాకు వేళ కాదు. కానీ చేతిలో గరిటె లేకపోతే ఆ చేత్తో ఇంకేం చేస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

"ఇంకోసారి అడగండి," అంది భర్తతో, వెనక్కి తిరగకుండానే.

ప్రణీత్ ముందు సీట్లో కూర్చుని గొంతు మెత్తగా చేసుకున్నాడు. "పథసూచీ, మనం బయలుదేరుదామా?"

"తప్పకుండా," అంది పథసూచి, తేనెలో ముంచిన గొంతుతో. "రాహుకాలం ముగియగానే బయలుదేరుదాం. ఇంకా తొమ్మిది రోజుల రెండు గంటలు ఉంది. అంతవరకు ప్రకృతిని ఆస్వాదించండి."

పథసూచి అంటే ఆ రోజుల్లో ప్రతి ఇంటిబండికీ పుట్టుకతో వచ్చే దారిచూపే యంత్రం. దాన్ని విప్పి పక్కన పెట్టడానికి వీల్లేదు. బండిని నడిపేది అదే, ఆపేది అదే. చేతిచక్రం ఒకటి ముందు ఉంటుంది గాని, అది దండ వేయడానికే పనికొస్తుంది. పరాయి దేశంలో దాన్ని తిప్పితే జరిమానా కూడా. దారి తప్పుతామన్న భయం లేకపోయేసరికి, కాకినాడలో రిటైరైనవాళ్ళు కూడా ఇల్లు చక్రాల మీద పెట్టుకుని దేశాల మీద పడ్డారు.

దానికి ఇంకో సుగుణం ఉంది. పాతకాలపు యంత్రాలు "మలుపు దాటిపోయారు" అని మొహం మీద చెప్పేవట. దానితో ముందు సీట్లో యుద్ధం మొదలై, కొన్ని జంటలు తిరుగు ప్రయాణం వేరు వేరు విమానాల్లో చేసేవి. అందుకని తయారీదారులు సామరస్య నియమం పెట్టారు. పథసూచి ఎవరి తప్పూ ఎత్తి చూపదు. మలుపు తప్పిస్తే "దారి కొత్తగా విచ్చుకుంది" అంటుంది. బండిని బురదలో దింపించినా "నేల ఆత్మీయంగా ఉంది" అంటుంది. ఇరవై ఏళ్ళుగా భూమ్మీద ఏ ప్రయాణికుడూ తప్పు చేయలేదు. తప్పు అనే వస్తువు ఇళ్ళలోంచి రోలు, రోకలి పోయినట్టు పోయింది.

"అసలు బండి ఆపమన్నది ఎవరు?" అన్నాడు ప్రణీత్.

"మీరే. దుప్పుల్ని ఫొటో తీయాలన్నారు."

"నేను ఊరికే 'అబ్బ, దుప్పులు' అన్నాను. ఆపమన్నానా? అక్క టీ అంది."

మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆద్య శాలువా సర్దుకుంది. "నేను అల్లం ఉందా అని అడిగాను. అడగడం కూడా తప్పేనా తమ్ముడూ?"

"ఈ విరామం అందరి కోరికల అందమైన కలయిక," అంది పథసూచి.

నైనిక గరిటె మూకుడు అంచుకేసి గట్టిగా కొట్టింది.

అసలు కథ బండి గృహప్రవేశం నాడే మొదలైంది. ఇదే పొయ్యి మీద పాలు పొంగించి, అవి కిందికి కారి కరెంటు పోయి, మళ్ళీ వచ్చాక, ఆద్య వదిన కానుకగా పథసూచి మీద పంచాంగపొర వేయించింది. హైదరాబాదులో ఎవరో బుద్ధిమంతులు తయారుచేసిన సరుకు అది. ఇంటి పెద్ద తన గొంతుతో సంకల్పం చెబితే, ఆ కంఠముద్ర కిందే తాళం పడుతుంది. రాహుకాలంలో బండి బయలుదేరకూడదని ఆవిడ సంకల్పం చెప్పింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"లండన్‌లో కూర్చుని కాకినాడ రాహుకాలం చూసుకునే తెలివితక్కువ వాళ్ళను చూశాను," అని ఆ రోజు అక్షింతలు చేతిలో పట్టుకుని ఉపన్యాసం ఇచ్చింది. "ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి సూర్యుణ్ణే లెక్క కట్టాలి. శాస్త్రం అంటే శాస్త్రమే!"

పథసూచి ఆ మాటా రాసుకుంది.

నైనిక గణితం చదివింది. ఉప్మా దింపి, స్టూలు లాక్కుని, ఆడపడుచు ఎదురుగా కూర్చుంది.

"వదినా, పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం రాహుకాలం. అవునా?"

"అవును. బుధవారమైతే ఐదోది."

"ఈ వైపు సూర్యుడు మే నెలలో ఒక బుధవారం నాడు పైకొచ్చాడు. ఇంతవరకు దిగలేదు. జూలై ఆఖరుకు గాని దిగడు. ఈ యంత్రం లెక్కలో డెబ్బై ఆరు రోజులూ కలిపి ఒకటే పగలు. అందులో ఐదో భాగం మనం దుప్పుల్ని చూస్తుండగా మొదలైంది. తొమ్మిదిన్నర రోజులు."

ఆద్య కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కవేసింది. మొహం వెలిగిపోయింది. "సరిగ్గా సరిపోయింది! చూశావా, ఎంత పక్కాగా చేశారో!"

"లెక్క సరిపోయింది వదినా. నా చెల్లెలి పెళ్ళి రేపు పొద్దున్న పదింటికి. అదే సరిపోవడం లేదు."

అక్కడికి మూడు గంటల దూరంలో, వంతెన అవతలి దీవిలో, చేపల మీద పరిశోధన చేసే లాస్య యాభై ఒకటో ఏట పెళ్ళి చేసుకుంటోంది. వరుడు ఐవర్, పడవలు బాగుచేస్తాడు. తల్లిదండ్రులు లేరు కనుక నైనిక, ప్రణీత్ పీటల మీద కూర్చుని కన్యాదానం చేయాలి. ముహూర్తం పెట్టింది ఆద్య వదినే. ఈ రోడ్డు మీదికి బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది. నిన్న వచ్చి వెళ్ళింది. అద్దె కార్లు ఇంత దూరం రావట.

ప్రాణాపాయమంటే బండి కదులుతుందేమోనని ప్రణీత్ గుండె పట్టుకుని సీట్లో వాలాడు. "అమ్మా... నొప్పి..."

సీటు అతన్ని ఒకసారి మృదువుగా తడిమింది. "మీ గుండె మీ వయసుకు అద్భుతంగా పనిచేస్తోంది," అంది పథసూచి. "అభినందనలు."

"థాంక్యూ," అన్నాడు ప్రణీత్, ఏడవలేక.

"ఆ నొప్పేదో ఎడమ వైపు పట్టుకోవాల్సింది," అంది నైనిక. తర్వాత యంత్రం వైపు తిరిగింది. "రాహుకాలం బయలుదేరడానికే కదా. మేము ఓస్లోలో మంచి ఘడియలోనే బయలుదేరాం. మధ్యలో టీకి ఆగితే కొత్త ప్రయాణం ఎలా అవుతుంది?"

"ఆగిన ప్రతి బండీ మళ్ళీ బయలుదేరుతుంది. ప్రతి బయలుదేరడమూ ఒక కొత్త ఉదయం."

"పోనీ, ప్రస్థానం పెట్టాం." నైనికకు చివరి ఉపాయం తట్టింది. "ప్రయాణానికి వేళ బాగోలేకపోతే మనుషుల కంటే ముందు మూట పంపిస్తారు కదా. పోయిన వారమే పెళ్ళి చీర, ఆవకాయ కొరియర్‌లో దీవికి పంపాను. అవి చేరాయి. అంటే మేము బయలుదేరినట్టే."

"చాలా చక్కని ఆలోచన. సంకల్పం చెప్పిన పెద్దలు ధ్రువీకరిస్తే చాలు."

భార్యాభర్తలిద్దరూ ఆశగా మంచం వైపు చూశారు.

"కొరియర్‌లో పంపితే ప్రస్థానం ఎలా అవుతుంది?" అంది ఆద్య నొచ్చుకుంటూ. "చేత్తో ఇవ్వాలి."

"అక్కా, నీకు దండం పెడతాను. 'సంకల్పం ఉపసంహరించుకుంటున్నాను' అని ఒక్క ముక్క అను. తాళం ఊడిపోతుంది."

"అనుకున్న సంకల్పం వదిలేయడం నాకు తెలీదురా. వదిలేశానంటే అర్థమేంటి? ముందు అనుకున్నది తప్పనేగా! బండే చెబుతోంది కదా ఎవరి తప్పూ లేదని."

నైనిక బయటకు వెళ్ళి రోడ్డు పక్కన నిలబడింది. ఒక దుప్పి గడ్డి నములుతూ ఆమెను చూసింది. ఈ ప్రయాణం మొత్తం మీద తనను పట్టించుకుని చూసిన ప్రాణి ఇదొక్కటేనని ఆమెకు అనిపించింది. చెల్లెలు చిన్నప్పుడు తన చీర కొంగు పట్టుకుని బడికి వచ్చేది. రేపు దాని చేయి ఎవరు పట్టుకుని ఐవర్ చేతిలో పెడతారు?

లోపలి నుంచి ప్రణీత్ కేక వేశాడు. "నైనికా! త్వరగా రా. ఇది ఇంకో పని చేసింది!"

పంచాంగపొర తన విధి తాను నిర్వర్తించింది. కుటుంబ క్యాలెండరులో పెళ్ళి చూసింది. అది రాహుకాలం నడుమ పడిందని గమనించింది. కాకినాడ నుంచి కాలిఫోర్నియా దాకా నలభై ముగ్గురున్న బంధువుల గుంపుకు మర్యాదగా కబురు పంపింది: శుభకార్యం దీర్ఘ రాహుకాలంలో ఉన్నది, పునరాలోచించగలరు. పిన్నులు అప్పుడే చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. పెద్దత్తయ్య "నేను ముందే అనుకున్నాను" అని రాసింది. ఎవరో ఐవర్ జాతకం అడుగుతున్నారు.

అంతలో లాస్య ఫోన్ చేసింది. ప్రణీత్ బండిలో అందరికీ వినపడేలా పెట్టాడు.

"అక్కా, ఏంటిదంతా? ఎక్కడున్నారు?"

నైనిక చెప్పింది. అవతల ఎక్కడో పడవ ఇంజను చప్పుడు వినపడింది.

ఆద్య కాళ్ళు కిందికి దించింది. నలభై ముగ్గురి ముందు తాను పెట్టిన ముహూర్తం బొమ్మల పాలు కావడం ఆవిడకు మింగుడు పడలేదు. నిటారుగా కూర్చుని, సభలో మాట్లాడినట్టు అంది: "పథసూచీ, ఇక్కడి సూర్యుడి అసాధారణ ప్రవర్తన దృష్ట్యా, నా సంకల్పం ఉపసంహరించుకుంటున్నాను."

తాళం ఊడింది. చక్రాలు కదిలాయి. "కృతజ్ఞతలు," అంది పథసూచి. "ఇందులో ఎవరి పొరపాటూ లేదు. ఆకాశం కొంచెం పొడుగైంది, అంతే."

"విన్నారా?" ఆద్య తలాడించింది. "ఆకాశం!"

ప్రణీత్ ఊపిరి వదిలాడు. నైనిక ఉప్మా మీద మూత పెట్టింది. సాయంత్రానికి చేరిపోతారు. అయిపోయినట్టే ఉంది.

"వదినా," అంది లాస్య ఫోన్‌లో, నెమ్మదిగా. "మీరు చెప్పండి. ఎవరి పొరపాటూ లేదంటే లెక్కలో కూడా తప్పు లేదనేగా. లెక్క తప్పు కాకపోతే రాహుకాలం నిజమే. రేపు నేను తొమ్మిది రోజుల రాహుకాలం నడుమ తాళి కట్టించుకుంటున్నాను. అంతేగా?"

"అబ్బే, అలా కాదమ్మా..."

"నేను చదువుకున్నదాన్నే వదినా. ఇలాంటివి నమ్మనని అందరికీ చెప్పుకున్నదాన్నే. కానీ చెవిలో పడ్డాక పోవడం లేదు. యాభై ఏళ్ళు ఆగి చేసుకుంటున్నాను. రేపు ఐవర్‌కు జలుబు చేసినా నాకు ఇదే గుర్తొస్తుంది. పడవ మీద వెళ్ళి గంట ఆలస్యమైతే ఇదే గుర్తొస్తుంది. పెళ్ళి వద్దని ఐవర్ వాళ్ళకు చెప్పేయనా?"

బండి సముద్రం పక్కన సాఫీగా పోతోంది. తప్పును ఎవరి పేరు మీదా రాయకుండా ఉంటే అది మాయమైపోతుందని ఆ నియమం పెట్టినవాళ్ళు అనుకున్నారు కాబోలు. అది మాయం కాలేదు. దిక్కులేని సామానులా దొర్లుకుంటూ వెళ్ళి, ఏ పాపం ఎరుగని లాస్య ఒళ్ళో పడింది.

"లాస్య గారూ," అంది పథసూచి. "మీ ఆందోళన చాలా సహజమైనది. మీరు కోరితే ప్రశాంత సంగీతం..."

"నువ్వు నోరు మూసుకో," అంది ఆద్య.

ప్రణీత్ వెనక్కి తిరిగి చూశాడు. అక్క యంత్రాన్ని కసరడం అతను ఎప్పుడూ వినలేదు. ఆవిడ సాధారణంగా కసురులన్నీ మనుషుల కోసం దాచుకుంటుంది.

ఆద్య లేచి, కదిలే బండిలో అల్మరా అంచు పట్టుకుని, ముందుకు వచ్చింది. నైనిక చేయి అందించింది. ఆవిడ వద్దనకుండా పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది.

"లాస్యా, విను. ఏ ఊరికి ఆ ఊరి సూర్యుడని పట్టుబట్టింది నేను. నీ ముహూర్తం దగ్గరికి వచ్చేసరికి కాకినాడ పంచాంగం చూసి పెట్టిందీ నేనే. ఇక్కడి సూర్యుడితో పెడదామని కూర్చున్నాను గాని, ఎంతకీ లెక్క తెమల్లేదు. తెమలకపోతే అప్పుడే తెలియాలి కదా, ఆ లెక్క ఇక్కడ నడవదని. తెలిసింది కూడా. మీకెవరికీ చెప్పలేదు."

"మీకు తెలుసా?" అంది నైనిక.

"నువ్వు ఉండవే." ఆవిడ ఫోన్ వైపు వంగింది. "అమ్మాయ్, రాహుకాలమూ లేదు, ఏమీ లేదు. అది నా మొండితనం. ఆకాశానిదేం తప్పు? నీదేం తప్పు? తప్పు నాది."

ఫోన్‌లో లాస్య ముక్కు చీదిన చప్పుడు వినపడింది. తర్వాత నవ్వో ఏడుపో తెలియని ఇంకో చప్పుడు. "వదినా, ఈ మాట మీరు గుంపులో కూడా చెబుతారా? పెద్దత్తయ్య నాకు మళ్ళీ రాసింది."

ఈసారి ఆద్య నిజంగానే కిటికీ వైపు చూసింది, దిగిపోయే వీలుందేమో అన్నట్టు. బండి మంచి వేగంలో ఉంది. ముప్పై ఏళ్ళలో అనవలసినవన్నీ నైనిక నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. వాటిని అక్కడే నిలబెట్టి, గుంపు తెరిచి, ఫోన్ ఆవిడ నోటి దగ్గర పట్టుకుంది.

"ఎక్కడ నొక్కాలే?"

"నేను నొక్కాను వదినా. మాట్లాడండి."

ఆద్య కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"అందరికీ నమస్కారం. నేను ఆద్యను మాట్లాడుతున్నాను. పెళ్ళి రేపు పదింటికే. బండి పంపిన కబురు తప్పు. దాని చేత ఆ లెక్క కట్టించింది నేను. తప్పు నాదే."