ఊపిరికొండ అరవదు

నాలుగో భాగం పోయిన మర్నాటి ఉదయం, తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని దిండు గలీబుకు అంచు కుడుతోంది. కూతురు టీ గ్లాసు పక్కన పెట్టి, నిలబడే చెప్పింది.

"అమ్మా, సినిమా నాన్న నవల మూడో భాగంతో అయిపోతుంది. నాలుగోది తీయడం లేదు. నిన్న ఖాయం చేశారు."

మిషను ఆగింది.

ఆ ఇంట్లో మిషను ఆగడానికి ఒక అర్థం ఉండేది. తండ్రి ఆ నవల రాసేటప్పుడు, రాసిన పేజీని ఈ గదిలోనే పైకి చదివేవాడు. వింటూ వింటూ ఆమె పాదం ఆగిందంటే ఆ పేజీ గట్టెక్కినట్టే. మిషను దాని దారిన అది పోతూనే ఉంటే, ఆయన మారు మాట్లాడకుండా కాగితం చించేసేవాడు. నవలలోని రాజ్యాలూ, శాపం తగిలిన నదులూ, కొండంత మృగమూ స్కూలు యూనిఫారాల గుట్టల మధ్య ఆ పరీక్ష నెగ్గినవే. ఆయన పోయి ఏడాది కావస్తోంది. నవలను సినిమాకు తగ్గట్టు రాసే పని కూతురికే దక్కింది.

"ఎవరు వద్దన్నారు? ఆ గడ్డం డైరెక్టరేనా?"

"ఆయనొక్కడే కాదు. అందరం అనుకున్నాం."

"అందరంటే నువ్వు కూడానా?"

"మూడు గంటల్లో ఎంతని పడుతుందమ్మా?"

"గుడ్డ చాలకపోతే చొక్కా పొట్టిగా కుడతాం గానీ చేతుల్లేకుండా కుట్టం."

"మొదటి రెండు భాగాల్లోనూ కోశాను కదా. ఇద్దరు మంత్రుల్ని ఒకణ్ణి చేశాను. పడవవాడి పెళ్ళి మొత్తం తీసేశాను. అప్పుడు పల్లెత్తు మాట అనలేదే నువ్వు."

"పడవవాడి పెళ్ళికి నేను మిషను ఆపనేలేదు. మీ నాన్నే మొండికేసి ఉంచారు. దీని సంగతి వేరు. ఆయన ఆఖర్న రాసింది ఇదే. అది తీసేస్తే ఆయన్ని ఇంకోసారి పంపించినట్టే."

ఆ మాటకు కూతురు ముఖం పాలిపోయింది. వెళ్ళి లాప్‌టాప్ తెచ్చి మిషను బల్ల మీద పెట్టింది. సినిమా ఇంకా పూర్తి కాలేదు. రాజుగారు ఆకుపచ్చ తెర ముందు నిలబడి, అక్కడ లేని సైన్యం మీదికి కత్తి ఎత్తాడు.

"రాజుగారి వీపున జిప్పు కనబడుతోంది," అంది తల్లి.

"చెరిపేస్తారులే."

తర్వాత మృగం వచ్చింది. నవలలో దాని పేరు ఊపిరికొండ. తెర మీద ఇంకా రంగులద్దని బూడిద ముద్దలా ఉంది. అది నోరు తెరిచి గర్జించింది. గ్లాసులో టీ వణికింది.

తల్లి చటుక్కున లాప్‌టాప్ మూసేసింది. "ఇది అరుస్తుందేమిటి? ఊపిరికొండ ఎన్నడైనా అరిచిందా? దాని ఊపిరి విని కదా గొల్లవాళ్ళు దారి మార్చుకునేది. లోపలికి తీసుకుంటే మెట్లెక్కుతున్నట్టు, మధ్యలో ఓ ఆగుడు, బయటికి సన్నగా ఈల. ఉబ్బసంతో రాత్రిళ్ళు గోడకానుకుని కూర్చుని, ఆయన తన ఊపిరే దానికి పెట్టారు."

"నాకు తెలుసు."

"తెలిసీ అరిపించావా?"

"అవును, నేనే. డైరెక్టరు ఊపిరే ఉంచుదామన్నాడు. సౌండు అతను చేసి తెచ్చాడు కూడా. ఎడిటింగ్ గదిలో అది వేసేసరికి లేచి బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చుండిపోయాను. మళ్ళీ లోపలికెళ్ళి, ఇది లాభం లేదు, జనానికి గర్జన కావాలి అన్నాను. నెపం జనం మీదికి నెట్టేశాను."

తల్లి గొంతు తగ్గింది. "మరి నాలుగో భాగం?"

"అందులో ఆ ఊపిరి ఆగిపోతుంది కదమ్మా. అది నేను రాయలేను."

తల్లి గలీబును ఒళ్ళో పరిచి, ముడతలు లేని చోట కూడా చేత్తో సాపు చేసింది. నాలుగో భాగం రాసేనాటికి పైకి చదివే ఓపిక ఆయనకు లేదు. అడిగితే, కాస్త తేరుకున్నాక చదువుతాననేవాడు. ఆయన పోయాక పుస్తకం అచ్చయి వచ్చింది. బంధువులందరికీ ఆమే పంచింది. తన ప్రతి మాత్రం తెరవలేకపోయింది.

"ఆగిపోతుందా?" అంది.

కూతురు ఆమె వైపు తేరిపార చూసింది. "నువ్వు చదవలేదా?"

"లేదు. చదవకుండానే నీ మీద యుద్ధానికొచ్చాను."

కూతురు వచ్చి ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చుంది. తల్లి ఆమె తల మీద చెయ్యి వేసింది.

"మూడో భాగం చివర ఏమవుతుంది? నేను విన్నదేనా?"

"అదే. లోయలో పడుకుంటుంది. గొల్లపిల్ల దాని పొట్టకానుకుని నిద్రపోతుంది."

"బతికే ఉంటుందిగా?"

"బతికే ఉంటుంది."

తల్లి గుండెల నిండా గాలి పీల్చుకుంది. "అయితే అక్కడే ఆపెయ్యి. ఆయన పుస్తకంలో ఆయన రాసిందే ఉంటుంది. సినిమాలో మాత్రం బతకనియ్యి. అరవనివ్వకు, అంతే."

"ఆ ఊపిరి ఎవరు చేస్తారు?"

"నాకు రాదా ఏం?" తల్లి నడుం నిటారుగా పెట్టి చేసి చూపించింది.

"అది మార్కెట్ నుంచి నడిచొచ్చినప్పటిది. పడుకున్నప్పుడు ఇలా." కూతురూ మొదలుపెట్టింది.

స్నానాల గదిలోంచి అల్లుడు చెంపల మీద సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చాడు. "అత్తయ్యా, ఎవరికేమైంది? ఇన్‌హేలర్ ఎక్కడ?"

"ఎవరికీ ఏం కాలేదు బాబూ. మీ మామగారికి సినిమాలో వేషం దొరికింది."

అతను తలుపు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "ముందే చెప్పొద్దూ? ఆయన ఊరికే ఒప్పుకునే మనిషేనా? సంభాషణలు మారుస్తానంటారు."

ముగ్గురూ నవ్వారు. ఏడాదిగా ఆ గదిలో ఎవరూ అంత నవ్వలేదు. తల్లి కళ్ళు గలీబుతోనే తుడుచుకుంది.

మధ్యాహ్నం కూతురు డైరెక్టరుకు ఫోను చేసింది. గర్జన తీసేయడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నిద్రలో ఆ ఊపిరి ఎలా ఉండాలన్నది మాత్రం తల్లీకూతుళ్ళ మధ్య ఇంకా తెగలేదు. రికార్డు చేయడం ఇంకా మిగిలే ఉంది.