ఎల్లారెడ్డిలో యూరియా దిగిందట!

"బడ్జెట్ లేదు యాకూబ్," అన్నాడు చీఫ్.

ఏ మిషనైనా ఇలాగే మొదలవుతుంది. ఎవరి ప్రాణం పోతోందో తర్వాత చెబుతారు, డబ్బుల్లేవని ముందు చెబుతారు. కామారెడ్డి బస్టాండు ఎదుట, జిరాక్స్ షాపు పైనున్న గదిలో ఏజెంట్ యాకూబు ఫోన్ స్పీకర్లో పెట్టి నడుముకు బామ్ రాసుకుంటున్నాడు. బయట బోర్డు మీద 'మార్కెట్ రీసెర్చ్ కన్సల్టెంట్' అని ఉంటుంది. అది పైకి వేషమే. కానీ ఖర్మ కాకపోతే, జీతం ఆలస్యమైన నెలల్లో ఆ పనే అతనికి తిండి పెట్టేది.

"గ్రీన్ కోబ్రా. విదేశీ ముఠా. వరికి గ్రోత్ టానిక్ అని చెప్పి విషం అమ్మాలని చూస్తోంది. చల్లితే పైరు పోతుంది, నేలా పోతుంది. ట్రయల్ మీ జిల్లాలోనే. లీడర్ పేరు రిక్టర్."

"లోపల మన మనిషి?"

"మాలతి. పొద్దున మెసేజ్ పెట్టింది. చదువుతున్నా విను. 'మందు అమ్ముడుపోతలేదు. పగటి బువ్వ యాళ్లకు నన్ను ఊరికి తోలుకపోతరట.'"

యాకూబు చెయ్యి ఆగిపోయింది. వాళ్ల కోడ్‌లో 'ఊరికి' అంటే అర్థం ఒక్కటే. చంపేస్తారు. అదీ మధ్యాహ్నం భోజనాల వేళకే.

మాలతిది జుక్కల్ దగ్గరి తండా. తెలుగు, కన్నడ, మరాఠీ మూడింట్లోనూ అతికినట్టు అబద్ధమాడగలదు. నల్ల కళ్లజోడు పెట్టుకుని నడిచొస్తే ముఠా నాయకులే కుర్చీ జరుపుతారు. పైకి రిక్టర్ దగ్గర సేల్స్ మేనేజర్, లోపల డబుల్ ఏజెంట్. తల్లి రుక్మిబాయి మాత్రం బిడ్డ సబ్బుల కంపెనీలో పనిచేస్తోందనే అనుకుంటోంది. ఆ తల్లికి ఏ మొహం పెట్టుకుని కబురు చెప్పాలి?

"ఎక్కడుంది సార్?"

"తెలియదు. ఫోన్ ఆఫ్. శాటిలైట్ సబ్‌స్క్రిప్షన్ పోయిన నెలే కట్ చేశారు. ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఏం దొరికితే దాంతో కానివ్వు."

"పోలీసులకు చెబుదామా?"

"ఢిల్లీ పర్మిషన్ కావాలి. సోమవారం వస్తుంది."

ఇవాళ శుక్రవారం. యాకూబు నిట్టూర్చి, స్క్రీన్ పగిలిన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

సరుకు అమ్మేవాడు ముందు సర్వే చేస్తాడు. వెతికితే దొరికింది, 'వరి రైతుల అభిప్రాయం' అని ఒక ఆన్‌లైన్ ఫారమ్. అదీ ఫ్రీదే, కక్కుర్తి వెధవలు! జవాబులు ఊరందరికీ కనబడే సెట్టింగ్ కూడా తీసేయలేదు. 'గ్రోత్ టానిక్ కొంటారా?' అన్నదానికి అందరూ 'తప్పకుండా' నొక్కారు. కింద ఒకరు రాశారు, 'సార్, మా పేరు గూడ ఎక్కియ్యుండ్రి.' ఇంకొకరు, 'పాస్‌బుక్ జిరాక్సు ఎవలకియ్యాలె?'

యాకూబుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక్కడ ఫారమ్ ఎవరు పంపినా అది సర్కారు స్కీమే. కాదంటే ఎక్కడ పేరు ఎగిరిపోతుందోనని జనం అన్నిటికీ అవుననే అంటారు. రిక్టర్ ఆ అవునులన్నీ నమ్మి గోదాము నింపాడు. తీరా ఒక్కరూ కొనలేదు. సర్వే నడిపింది మాలతి కాబట్టి, మోసం ఆమెదే అనుకున్నాడు.

తర్వాత మ్యాప్ తెరిచి జిల్లాలోని ఎరువుల దుకాణాలన్నీ జల్లెడ పట్టాడు. ఎల్లారెడ్డిలో ఒక కొత్త షాపు తగిలింది. పైరుసిరి అగ్రి కేర్. 'టానిక్ చల్లాను, దిగుబడి రెట్టింపు' అని బోలెడు ఫైవ్ స్టార్ రివ్యూలు. షాపు పెట్టిందే మొన్న నాట్లప్పుడు, కోతే కాలేదు, దిగుబడి ఎక్కడిది వీళ్ల మొహం! ఒక ఫొటోలో షట్టర్ పక్కన నల్ల జీపు, దాన్ని ఆనుకుని నల్ల కళ్లజోడుతో మాలతి.

పరుగున వెళ్లి ఎల్లారెడ్డి బస్సెక్కాడు. చీర కట్టి మారువేషంలో వస్తే ఆడవాళ్ల లెక్కన టికెట్ కూడా ఫ్రీయే, కానీ కండక్టర్ ఆధార్ అడుగుతుంది.

ఒక్కడే వెళ్లి తుపాకుల ముందు ఏం చేయగలడు? జనం కావాలి. జనం దేనికి కదులుతారు? సెర్చ్ ట్రెండ్స్ చూశాడు. రైతుల వాట్సాప్ గ్రూపులు చూశాడు. అంతటా ఒకటే మాట, యూరియా ఎక్కడ దొరుకుతుంది? సర్వేవాడికి చెప్పని నిజం జనం సెర్చ్‌లో చెప్పుకుంటున్నారు.

మెసేజ్ టైప్ చేశాడు. 'ఎల్లారెడ్డి పైరుసిరి షాపుల యూరియా లోడు దిగింది. జల్ది రాండ్రి.' పంపబోతే వేలు రాలేదు. లేని ఎరువు కోసం పాపం పనులిడిచి వస్తారు. ఛీ, ఏం బతుకిది అనుకున్నాడు. మాలతి గుర్తొచ్చింది. పంపేశాడు.

అతని బస్సు చేరేసరికే వీధి నిండిపోయింది. షాపు మెట్ల నుంచి రోడ్డుకు అడ్డంగా చెప్పుల వరస. ఇక్కడ లైన్లో నిలబడేది చెప్పులు, మనుషులు నీడన కూర్చుంటారు. జీపు ఆ వరస వెనకే ఆగి ఉంది. వెనక సీట్లో మాలతి, ఆమె పక్కటెముకలకు గన్‌మన్ పిస్టల్.

జనాన్ని చూసి రిక్టర్ మొహం వెలిగింది. షట్టర్ ఎత్తి, నేర్చుకున్న తెలుగులో అరిచాడు. "ముందు టానిక్ కొనండి! తర్వాత యూరియా!"

నీడన కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

"లింకు వెడుతున్నవారా?" అన్నాడు నర్సింహులు అనే రైతు, లుంగీ ఎగగట్టి.

యూరియా కావాలంటే అక్కరలేని సరుకు కూడా అంటగట్టడాన్ని ఇక్కడ లింకు అంటారు. రిక్టర్ సర్వేలో ఆ ముక్క లేదు. "లింకు వెడుతుండురో!" అని కేక లేచింది. టానిక్ డబ్బాలు గాల్లోకి ఎగిరాయి. ఎవరో పోలీసులకు ఫోన్ కొట్టారు. రిక్టర్ జీపులోకి దూకాడు.

"పోనీ! తొక్కించు!"

జీపు ఉరికింది. చెప్పుల వరస మీద నాగవ్వ అనే ముసలామె చతికిలపడింది.

"నా మీదికెళ్లి పోనియ్ చూస్త! ఉరికొచ్చి వట్టిన జాగ ఇది!"

డ్రైవర్ బ్రేక్ తొక్కాడు. జనం జీపును చుట్టేశారు. యాకూబు కిటికీలోకి వంగి తమ కోడ్ ప్రశ్న వేశాడు.

"మేడమ్, చాయ్‌ల అల్లం ఎక్కువైందా?"

"బెల్లం తక్కువైందన్నా!" అంటూనే మాలతి మోచేత్తో గన్‌మన్ ముక్కు పగలగొట్టింది. పిస్టల్ కిందపడింది. యాకూబు వంగబోయాడు, నడుము పట్టేసింది. మాలతే దూకి అందుకుని రిక్టర్ మెడకు ఆనించింది.

గలాటా ఆపడానికొచ్చిన పోలీసులు, ఢిల్లీ పర్మిషన్ అడగకుండానే రిక్టర్ ముఠానంతా ఎక్కించుకుపోయారు. గోదాముకు సీలు పడింది.

"గింత లేటా అన్నా? సచ్చిననే అనుకున్న," అంది మాలతి. కళ్లజోడు తీస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను గూడ భయపడ్డ చెల్లె. అమ్మకు ఫోన్ చెయ్యి. తిన్నవా అని అడుగు, చాలు."

అతనికి ఒక మంచం దొరికితే బాగుండుననిపించింది. నాగవ్వ చొక్కా పట్టి లాగింది.

"దొంగలు దొరికిండ్రు, మంచిగైంది. మరి యూరియా ఎప్పుడొస్తది బిడ్డా?"

వీధిలో ఒక్కరూ చెప్పులు తీయలేదు. అందరూ అతని మొహంకేసే చూస్తున్నారు. యాకూబు తల దించుకుని, పక్కకెళ్లి చీఫ్‌కు ఫోన్ చేసి అదే అడిగాడు.

"అది టాప్ సీక్రెట్ యాకూబ్," అన్నాడు చీఫ్ అలసటగా. "మనక్కూడా చెప్పరు."