సున్నా చేసిన మొలతాడు

"అల్లం పచ్చిగుందా?" ఫోన్‌లో చీఫ్ రామచందర్ గొంతు.

"చిరాగ్‌పల్లి దాటితే ఎండుతది, సర్."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ భవాని ఆయా వేషంలో జహీరాబాద్ దవాఖాన మెట్లెక్కుతోంది.

"విదేశీ ముఠా పసిపిల్లల వార్డు కరెంటు బోర్డులో ఓ పెట్టె పెట్టింది. టైమర్ అయిపోతే మెయిన్ లైనూ జనరేటరూ రెండూ బంద్. ఇది ట్రయల్. ఇక్కడ పనిచేస్తే దేశమంతా పెడతారు. మన దీక్షిత లోపలే ఉంది. సాయం చేస్తుంది."

దీక్షిత చేసిన సాయం పిస్టల్ ఎక్కుపెట్టడం. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. బోర్డు గదిలో భవాని దగ్గరున్న కటింగ్ ప్లేయర్, ఫోను, జడపిన్నులు, ఆఖరికి మెడలో గొలుసు కూడా ఒలిచేసింది.

"డబుల్ ఏజెంటువా?"

"జీతం కూడా డబులే. ఆండ్ గేట్ అంటే తెలుసా నీకు? పోనీ, తీగ పళ్ళతో కొరికి తెంపు. మీ తెలివి అంతవరకే కదా!"

వార్డుకు తొవ్వ అడుగుతూ వచ్చిన ముసలి నాగవ్వ ఒంటి మీది నగలు కూడా ఒలిచి లోపలికి నెట్టింది. చంకలో మనవడు. బిడ్డ ఉచ్చ పట్టుచీరకు అంటుతుందని వాడి జోలికి మాత్రం పోలేదు. తలుపుకు బయట తాళం పడింది.

"నా ఇంకో మనవడు గాజుపెట్టెల ఉన్నడే! కవలలు!" భవాని సంగతి చెప్పగానే నాగవ్వ అరిచింది. "తెంపు బిడ్డా ఆ తీగ!"

"తెంపితేనే మునుగుతం అవ్వా. ఈ పెట్టెల ఉన్న చిప్‌కు తెలివి లేదు, పాడు లేదు. ఆండ్ గేట్ అంటే గిదే, లోపల ట్రాన్సిస్టర్లు, ఒక్క పైపుకు రెండు నల్లాల లెక్క. రెండూ తిరిగితేనే చిప్‌ల కరెంటు పారుతది, పారితే రిలే టక్కుమని వార్డు లైన్ కోస్తది. ఒకటి తిరిగే ఉంది. రెండోదాన్ని టైమర్ గ్రౌండ్‌కు గుంజి ఆపింది. తీగ తెంపినా, టైమర్ ఇడిసినా ఐదు వోల్టులు ఎక్కుతయి. దాన్నే ఒకటి అంటది ఈ ముండ. సున్నాగనే ఉండాలంటే చిప్‌ది ఆ కాలు గ్రౌండ్‌కే అంటి ఉండాలె. జానెడు లోహం కావాలె."

భవాని చూపు బిడ్డ నడుము మీద ఆగింది. వెండి మొలతాడు. విప్పబోయింది.

"ఓ పోరీ! పసిగుడ్డు మొల బోసిగ ఉంచుతరా?"

"అవ్వా, టైమ్ లేదు!"

నాగవ్వ వినలేదు. చీర కొంగు చింపి, పేని, బిడ్డ నడుముకు కట్టి, దిష్టి తీసి ఉమ్మింది. పెట్టె మీద ఎర్రలైటు టపటపా కొట్టుకుంటోంది. భవాని చెమట కళ్ళలోకి కారింది. అప్పుడు గానీ వెండి ఆమె చేతికి రాలేదు.

ఒక కొస గ్రౌండ్ స్క్రూకు. ఇంకో కొస చిప్ కాలుకు.

అదే క్షణం టైమర్ వదిలేసింది. ఎర్రలైటు ఆరింది. రిలే టక్కుమనలేదు. గోడ అవతల మెషీన్లు మూలుగుతూనే ఉన్నాయి. ఓ పసిగొంతు కేరుమంది.

"వాడే! నా మనవడే!" నాగవ్వ ఏడ్చింది.

తలుపు తాళం పగలగొట్టిన పోలీసులు, చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర దొరికిన దీక్షితను సంకెళ్ళతో దవాఖానకే తెచ్చారు. "నీ టూల్సన్నీ నేనే తీసుకున్నా! దేంతో ఆపావ్?"

భవాని బదులివ్వకముందే నాగవ్వ అడ్డమొచ్చింది.

"నీ పట్టుచీరకు ఉచ్చ అంటొద్దంటివి గదనే. జైల్ల ఇస్త్రీ జేసుకో పో!"

భవాని వైపు తిరిగి చెయ్యి చాపింది. "నువ్వేం నవ్వుతున్నవ్? మొలతాడు వాపస్ ఇయ్యి. జర నల్లబడ్డా, మీ సర్కారుతోని చింతపండు వెట్టి తోమిపిస్త."