గూట్లో రెండో పిల్ల

చెట్టు కింద శవం బోర్లా పడి ఉంది. తల వెనకభాగం పగిలింది. పక్కనే రక్తం అంటిన ఇనుప రాడ్డు.

చెట్టు మీద తెల్లతల గద్దల కాపురం. ఆ గూటిని లక్షమంది లైవ్‌లో చూస్తారు. గద్దపిల్ల తుమ్మితే విలవిల్లాడే ఆ జనానికి కింద మనిషి చచ్చిన సంగతి తెలియదు. కెమెరాకి గూడు తప్ప నేల కనిపించదు.

చనిపోయినవాడు ఆ లైవ్‌కి వ్యాఖ్యానం చెప్పేవాడు. కెమెరా నడిపేది సొంత అన్న. రేపటి నుంచి అన్న కుర్చీ కూడా తమ్ముడికే ఇవ్వాలని యాజమాన్యం తేల్చేసింది.

ఐదింటికి శవాన్ని చూసి కేక పెట్టింది వదిన. ఐదున్నరకి ఇన్‌స్పెక్టర్ దిగాడు.

"అతను చెట్టు దగ్గరికెందుకెళ్ళాడు?"

"కేబుల్ వదులైందని నాలుగింటికి నేనే పంపాను సార్," అన్న వెక్కాడు.

"మీరెక్కడున్నారు?"

"కుర్చీలోంచి లేస్తే ఒట్టు! ఐదింటిదాకా కెమెరా చేత్తో తిప్పుతూనే ఉన్నాను. తల్లిగద్ద రెండు పిల్లలకీ చేప పెట్టింది. లక్షమంది సాక్షులు."

"గేటు కాపలావాడికీ తమ్ముడికీ నిన్న గొడవైంది సార్," కానిస్టేబుల్ గొణిగాడు.

ఇన్‌స్పెక్టర్ శవాన్ని తిప్పించాడు. దోసిట్లో నలిగిన గద్దపిల్ల. దాని మెడ నిండా ముక్కుపోట్లు.

అన్ననీ వదిననీ కాపలావాణ్ణీ కంట్రోల్ రూంలో నిలబెట్టాడు.

"గూట్లో పిల్లలెన్ని?"

"రెండు సార్."

"తెర చూడండి."

తెర మీద ఒకటే ఉంది.

"ఇ... ఇప్పుడే పడుంటుంది."

"పడ్డది మీ తమ్ముడి దోసిట్లో దొరికింది. అంటే అతను చావకముందే పడింది. మరి ఐదింటిదాకా మీ లైవ్‌లో రెండెలా తిన్నాయి?"

అన్న కళ్ళు రికార్డర్ వైపు తిరిగాయి.

"నిన్నటి రికార్డింగ్ పెట్టి వెళ్ళారు. మీరటు వెళ్ళగానే గూట్లో పెద్దది చిన్నదాన్ని పొడిచి తోసేసింది. తిరిగొచ్చి అసలు లైవ్ కలిపినప్పుడూ మీరు చూడలేదు. పాపం, మీరూ అదే పని మీదున్నారు."



"వంగి ఉన్నాడు సార్," అన్నాడు అన్న. "ఏం తీస్తున్నాడో చూడలేదు."

బేడీలు పడ్డాక అన్నదమ్ముల తల్లి వచ్చింది. ఇద్దరికీ తెచ్చిన కేరేజీ చేతిలో అలాగే ఉంది. సంగతంతా నిలబడే విన్నది. చిన్నవాడి చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. వాటిని పక్కకి సర్దింది.

"వీడు పొద్దుట్నించీ ఏమీ తినలేదు బాబూ. పెట్టనా?"

ఇన్‌స్పెక్టర్ బేడీలు విప్పలేదు. ఆవిడే అన్నం కలిపి, ముద్ద పెద్దవాడి నోట్లో పెట్టింది.

వాడు తిన్నాడు.