తనని తాను తవ్వుకున్న మనిషి

"మా ఆయన్ని చూశానమ్మా. గోలు ముందు తవ్వుతున్నాడు," అంటూ ఎడ్నా ప్రాక్టర్ కుర్చీలో కూలబడింది.

హెస్టర్ క్రాల్ తన టీ కప్పు ఆమె ముందుకు జరిపింది. "మీ ఆయన పోయి చాలా ఏళ్ళయిందని విన్నానే!"

"అదే కదమ్మా నా భయం!"

హెస్టర్ సహాయకుడు నీల్ ఓట్‌వే నోట్లో బిస్కట్ అలాగే ఉండిపోయింది. హెస్టర్ పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న నాటి నుంచీ ఆ మెట్లెక్కి వచ్చినవన్నీ తప్పిపోయిన పిల్లుల కేసులూ, దారి తప్పిన మొగుళ్ళ కేసులూను. స్కెల్‌బరో అంతకుమించిన ఊరేం కాదు. చచ్చిపోయిన మొగుడు పార పట్టుకుని తిరుగుతున్నాడన్న కేసు ఇదే మొదటిది.

ఎడ్నా కథంతా చెప్పుకొచ్చింది. విల్ఫ్ ప్రాక్టర్ బతికినన్నాళ్ళూ స్కెల్‌బరో టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానానికి కాపలా, తోటమాలి, సమస్తమూను. తన చితాభస్మాన్ని నదివైపు గోలు ముందే పాతిపెట్టమన్నాడు. రాగి కలశంలో పెట్టి అలాగే చేశారు. ఇప్పుడు జిల్లాల కప్పు సెమీఫైనల్ ఈ శనివారం. సోమవారం యంత్రాలొచ్చి పచ్చగడ్డి అంతా పెకలించి, ప్లాస్టిక్ గడ్డి పరుస్తాయి. ఆ లోపల విల్ఫ్‌ని తీసి తనకిచ్చేయమని ఎడ్నా అడిగింది. మ్యాచ్ అయ్యాక అందరి ఎదుటా తీసిస్తామని క్లబ్బు వాళ్ళు మాటిచ్చారు.

"ఇవాళ తెల్లారుతూనే మైదానం వైపున్న మా వంటింటి కిటికీలోంచి చూశాను. ఎటు చూసినా పొగమంచు. ఆ పొడుగు గోధుమరంగు కోటు, ఆ టోపీ, వంగిన ఆ వీపు! పరిగెత్తుకెళ్ళేసరికి ఎవరూ లేరు. తనని తానే తవ్వుకుంటున్నాడమ్మా! ఎందుకు ఆలస్యం చేస్తున్నావని నా మీద కోపమో, ఇక్కణ్ణించి కదపొద్దనో నాకేం తెలుసు? తీయించనా, వదిలెయ్యనా? ఏది తప్పైనా ఆ మనిషికి శాంతి ఉండదు. నాకా ఒక్కటి తేల్చి చెప్పండి."

"పదండి, చూద్దాం," అంటూ హెస్టర్ గొడుగు అందుకుంది.

మైదానం మీద మంచు ఇంకా విడవలేదు. ఖాళీ చెక్క గ్యాలరీ సగం కనిపిస్తోంది, సగం లేదు. ఎక్కడో నది చప్పుడు. నీల్‌కి వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. అలా తిరుగుతూనే గోలు ముందు కాలికేదో తగిలి బోర్లా పడ్డాడు.

"చూసుకుని నడవ్వయ్యా," అంది హెస్టర్, కానీ చూపంతా అతను తట్టుకున్న చోటు మీదే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని అరచేత్తో నిమిరింది.

ఇప్పుడు మైదానం చూసుకునే గ్రౌండ్స్‌మన్ లూక్ బింగ్లీ ఏడుపు మొహంతో నిలబడ్డాడు. "నేను తవ్వలేదు మేడమ్. అధ్యక్షుడు గారేమో నన్నే అంటున్నారు, ఉద్యోగం ఊడగొడతానంటున్నారు. సెమీఫైనల్ ముందు గోలు దగ్గర నేనెందుకు పార వేస్తాను? ఆ గడ్డి ముక్కలు చూడండి, ఎంత ఒబ్బిడిగా కోసి మళ్ళీ అతికించాడో. ఆఖరికి నీళ్ళు కూడా చల్లాడు! కానీ నేల ఇలా ఉబ్బిపోతే బంతి ఎగిరి మా కీపరు మొహాన కొట్టదూ?"

"విల్ఫ్ కోటు ఎక్కడుంటుంది?"

"నా పనిముట్ల గదిలోనే, మేకుకి. దాన్నెవరమూ ముట్టుకోం. తాళంచెవి రోలరు కింద ఉంటుందని ఊరందరికీ తెలుసు."

గదిలోకి వెళ్ళి చూస్తే కోటు అంచు తడిగా ఉంది. మట్టి అంటుకుంది. గది వెనక కంచె పక్కన, బకెట్‌తో బోర్లించినట్టు చిన్న మట్టికుప్ప. లూక్ దాన్ని చూసి తనది కాదన్నాడు.

జట్టు మేనేజరు డెరిక్ హోల్‌రాయిడ్ అప్పుడే వచ్చాడు. ఒకప్పుడు ఇదే గోలు కాసిన కీపరు. విల్ఫ్ చేతిలో పెరిగినవాడు.

"చితాభస్మం పాతింది మీరేనట కదా?" అంది హెస్టర్.

"నేనే. అంత్యక్రియలైన సాయంత్రమే. హడావిడి చెయ్యొద్దు, నువ్వొక్కడివే పెట్టెయ్యరా అని విల్ఫ్ మాట తీసుకున్నాడు."

"కష్టపడ్డారా?"

"అబ్బే! వెన్నలో దిగినట్టు దిగింది పార." డెరిక్ ఎడ్నా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. "ఆంటీ, మీరు ఇంటికెళ్ళి పడుకోండి. ఈ చలిలో ఎందుకు?"

క్లబ్బు అధ్యక్షుడు రోలండ్ ఫర్త్ మాత్రం మండిపడుతూ దిగాడు. "దయ్యాలేమిటండీ, నాన్సెన్స్! రేపు పోటీలు నడిపే లీగు వాళ్ళకి తెలిస్తే నా పరువేం కావాలి? విల్ఫ్ మర్యాదస్థుడు. ఆయన అంత్యక్రియలకి ఊరు ఊరంతా కదిలొచ్చింది. ఆ రోజు ఆడాల్సిన జట్లు రెండూ చర్చిలోనే ఉన్నాయి. నేల మంచుకి రాయిలా గడ్డకట్టిందని పొద్దున్నే రిఫరీ మ్యాచ్ రద్దు చేశాడు మరి!"

హెస్టర్ వెనక్కి తిరిగింది. "అందర్నీ క్లబ్బు టీ గదిలోకి రమ్మను నీల్. లూక్, నువ్వు పార తీసుకురా."

టీ గదిలో ఎడ్నా అలవాటు కొద్దీ అందరికీ టీ పోసింది. హెస్టర్ తలుపుకి ఆనుకుని నిలబడి మొదలెట్టింది.

"నేలలోంచి ఒక వస్తువు తీస్తే ఏమవుతుంది లూక్?"

"గుంట పడుతుంది. వేరే మట్టి తెచ్చి నింపాలి."

"ఇక్కడ గుంట లేదు. నేల ఉబ్బింది. పైగా మట్టి మిగిలిపోతే కంచె పక్కన పోశారు. అంటే పొద్దున్న వచ్చిన మనిషి ఏమీ తీయలేదు. పెట్టాడు. శనివారం అందరి ముందూ తవ్వితే అక్కడ ఏదో ఒకటి దొరకాలి. దొరకదని తెలిసినవాడికే ఆ అవసరం. ఆ రోజు ఆట ఆపేసేంతగా బిగుసుకుపోయిన నేలలో, ఆ సాయంత్రమే పార వెన్నలో దిగినట్టు దిగిందని చెప్పినవాడు ఒక్కడే."

నీల్‌కి అప్పుడు వెలిగింది. ఆ రెండు మాటలూ తనూ విన్నాడు. విని ఏం లాభం!

లూక్ వెళ్ళి తవ్వి కలశం తెచ్చాడు. రాగిది. పెళ్ళివారి చెంబులా తళతళలాడుతోంది. "ఇన్నేళ్ళు మట్టిలో ఉంటే పచ్చగా చిలుము పట్టేది," అంది హెస్టర్ మెల్లగా. "చెప్పండి డెరిక్."

డెరిక్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "పార విరిగింది మేడమ్. నేలలో దిగనేలేదు. మంచు కరిగాక పెడదామని కిట్ సంచిలో దాచాను. మరుసటి శనివారం పై ఊళ్ళో ఆట. గెలిచాం. మళ్ళీ గెలిచాం. ఒక్కసారి ఇంట్లో వదిలి వెళ్తే చిత్తుగా ఓడిపోయాం. ఇక తీయడానికి నా చేతులు రాలేదు. ఆయన పక్కనుంటే ధైర్యంగా ఉండేది... పొద్దున్న చలికి కోటు చేతికందింది, వేసుకున్నాను. ఆయన వాసన వచ్చింది ఆంటీ. ఏడుస్తూనే తవ్వాను."

"ఆయన్ని బస్సెక్కించావురా?" ఎడ్నా గొంతు కీచుమంది. "బస్సెక్కితే వాంతి చేసుకునే మనిషిరా! పెళ్ళయ్యాక పుట్టింటికి కూడా నేనొక్కదాన్నే పోయేదాన్ని! ఊళ్ళన్నీ తిప్పావా ఆయన్ని, చవటా?"

ఫర్త్ ఫక్కున నవ్వాడు. లూక్ నవ్వాడు. ఏడుపు మధ్యలో డెరిక్ కూడా నవ్వాడు. ఎడ్నా కలశాన్ని ఒళ్ళోకి తీసుకుని ఏప్రన్ అంచుతో తుడిచింది. తనూ నవ్వబోయింది.

"అయితే దయ్యం లేదు," అంది హెస్టర్, ఆమె భుజం మీద చేయి వేసి. "మీ ఆయన ఎవరి మీదా కోపంగా లేడు. ఇంటికి తీసుకెళ్ళండి."

ఎడ్నా కదల్లేదు. ఆమె మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కిటికీ అవతల మంచులో గోలు కర్రలు తెల్లగా ఉన్నాయి.

"ఎవరికీ చెప్పలేదమ్మా, పిచ్చిదంటారని. ప్రతి శనివారం జనం రాకముందు ఆ గోలు దగ్గర నిలబడి మాట్లాడేదాన్ని. మోకాలి నొప్పులు, పక్కింటి గొడవలు, అన్నీ. ఆయన వినేవాడు." గొంతు తగ్గింది. "బదులు కూడా చెప్పేవాడు. ఈ చెవులతో విన్నాను. ఒకసారి కాదు, ఇన్నేళ్ళూ."

ఎడ్నా ఒళ్ళోని కలశాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆయన వీడి సంచిలో ఉన్నాడంటున్నారు. మరి అక్కడ నాకు బదులు చెప్పింది ఎవరమ్మా? సోమవారం యంత్రాలొస్తాయి. నేనిప్పుడు ఇంటికి తీసుకెళ్ళేది ఎవర్ని, ఇక్కడ వదిలేసి వెళ్ళేది ఎవర్ని?"

నీల్ తన గురువు వైపు ఆశగా చూశాడు. అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంటుందని అతని నమ్మకం. హెస్టర్ కిటికీ దగ్గరికెళ్ళి గోలు వైపు చూసింది. లూక్ పారని చప్పుడు కాకుండా గోడకి ఆనించాడు. బయట ఆ గుంత తెరిచే ఉంది. పూడ్చమని ఎవరూ అనలేదు.